ఎక్స్‌గ్రేషియాయా, పరిహారమా: కోయిలకుంట్ల సబ్‌జైలు కేసు నేపథ్యం

లాకప్‌లోనో జైల్లోనో ప్రాణం పోతే పాలకులు ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. అది దయ కాదు, మా హక్కు అంటూ కుటుంబం దావా వేస్తే మాత్రం, సార్వభౌమ విధుల్లో, అంటే పోలీసు, జైళ్ల వంటి రాజ్యం మాత్రమే చేసే పనుల్లో, జరిగిన నష్టానికి రాజ్యం జవాబుదారీ కాదన్న పాత వాదన కోర్టుకు ప్రభుత్వం ఇచ్చే జవాబులో (కౌంటరులో) ప్రత్యక్షమవుతుంది. ఈస్టిండియా కంపెనీ నాటి ఈ సూత్రం, ప్రభుత్వంపై దావాల గురించి చెప్పే రాజ్యాంగం 300వ అధికరణ మీదుగా మనదాకా వచ్చింది.

ఆ వాదనకు ఊతం 1964 నాటి సుప్రీంకోర్టు కస్తూరీలాల్ తీర్పు. మీరట్ పోలీసులు స్వాధీనం చేసుకున్న బంగారాన్ని హెడ్ కానిస్టేబులే పట్టుకుని పాకిస్థాన్‌కు ఉడాయించినా, స్వాధీనం చేసుకోవడం సార్వభౌమ విధే కాబట్టి ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం దాని విలువ చెల్లించనక్కరలేదని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఈ పరిస్థితిని చక్కదిద్దేందుకు చట్టం తెమ్మని ఆ ధర్మాసనమే కోరింది. 1967లో బిల్లు వచ్చింది గానీ చట్టం కాలేదు.

అసలు మలుపు అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్లలో వచ్చింది. సబ్‌జైలులో రిమాండులో ఉన్న తండ్రీకొడుకులు తమకు ప్రాణభయం ఉందని ముందే చెప్పుకున్నా తగిన కాపలా పెట్టలేదు. 1977 మే 5 అర్ధరాత్రి దాటాక దుండగులు లోపలికి చొరబడి వారున్న గదిలోకి బాంబులు విసిరారు. తండ్రి మరణించాడు, కొడుకు గాయాలతో బయటపడ్డాడు. పది లక్షల రూపాయలకు వేసిన దావాను గడువు దాటిందంటూ కింది కోర్టు కొట్టేసింది. హైకోర్టు మాత్రం 1,44,000 రూపాయలు వడ్డీతో ఇప్పించింది: ఖైదీకీ జీవించే హక్కు ఉంది, ఆ హక్కునిచ్చే 21వ అధికరణ సార్వభౌమ విధులకు మినహాయింపు ఇవ్వలేదు, ప్రాథమిక హక్కుకు భంగం కలిగినప్పుడు సార్వభౌమ విధుల సాకు చెల్లదు.

జైలు నిర్వహణ సార్వభౌమ విధేనంటూ రాష్ట్రం అప్పీలుకు వెళ్లింది. సుప్రీంకోర్టు 2000లో, అంటే బాంబులు పడిన ఇరవైమూడేళ్లకు, ఆ అప్పీలును తోసిపుచ్చుతూ కస్తూరీలాల్ తీర్పుకు ఇక కట్టుబడనక్కరలేదని చెప్పింది. అయితే ఆ మాట అన్నది ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం; పెద్ద ధర్మాసనం తీర్పుకు చిన్న ధర్మాసనం కట్టుబడాలన్నది నియమం. ఐదుగురి తీర్పును ఇద్దరు పక్కన పెట్టగలరా అన్న ఆ సందులోంచే సర్కారు వకీళ్లు నేటికీ పాత వాదనను లోపలికి తెస్తున్నారు.