లావెండర్ నూనె, లినలూల్: అపోహలు - వాస్తవాలు

అపోహ: మొక్క నుంచి వచ్చిందే కదా, చర్మాన్ని ఏం చేస్తుంది?

లావెండర్ సువాసనలో పెద్ద భాగం లినలూల్ అనే సహజ రసాయనానిదే. మన ధనియాల నూనెలోనైతే సగానికి పైగా అదే. రోజూ చారులో వేసుకునేదాన్ని ముఖానికి రాస్తే తప్పేంటని అడుగుతారు. చారులో పడేది చిటికెడు ధనియాల పొడి. సీసాలో ఉన్నది ఎన్నో రెట్లు గాఢమైన నూనె.

తాజా లినలూల్‌తో అలర్జీ అరుదు. గాలి తగిలితేనే చిక్కు. ఆక్సిజన్‌తో కలిసి హైడ్రోపెరాక్సైడ్లు అనే పదార్థాలుగా మారుతుంది, దద్దురు తెప్పించేవి అవే. సగం ఖాళీ అయిన సీసాలో మిగతా సగం గాలే. దాన్ని చెన్నై ఎండాకాలంలో కిటికీ పక్కన పెడితే ఈ మార్పు ఇంకా వేగంగా జరుగుతుంది. మొదట్లో వాసన పెద్దగా మారదు, అందుకే ముక్కును నమ్మొద్దు. ముదురు రంగు గాజు సీసా, అదీ 10 మి.లీ.ది కొనండి. తెరిచిన తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఏడాది దాటితే చర్మానికి వాడొద్దు.

అపోహ: లావెండర్ నూనెతో మొటిమలు పోతాయి.

ల్యాబ్‌లో బ్యాక్టీరియాను అణచినంత మోతాదులో లినలూల్ మామూలు క్రీముల్లో ఉండదు. క్రీములో లినలూల్ ఉండేది ముఖ్యంగా సువాసన కోసమే. మొటిమల విషయంలో కాస్త ఆధారం ఉన్నది టీ ట్రీ నూనెకు. 1990లో ఆస్ట్రేలియాలో 124 మందిపై 5% టీ ట్రీ జెల్‌ను మొటిమలకు వాడే మందు 5% బెంజాయిల్ పెరాక్సైడ్‌తో పోల్చి చూశారు. రెండూ పనిచేశాయి; టీ ట్రీ నెమ్మది, కానీ ఇబ్బందులు తక్కువ. గాలికి పాడయ్యే గుణం దానికీ ఉంది.

అపోహ: మంట పుడితే పనిచేస్తున్నట్టే.

కాదు. కడిగేసి ఆపేయండి.

ముఖానికి రాసేదాంట్లో లావెండర్ నూనె 1% దాటొద్దు: 30 మి.లీ. నువ్వుల నూనెలో ఆరు చుక్కలు. నీళ్లలో కలిపి స్ప్రే చేస్తే నూనె పైకి తేలుతుంది, గాఢమైన బొట్టు ఒకేచోట పడుతుంది.

అపోహ: చేతిమీద ఒక్కరోజు రాసి చూస్తే చాలు.

అలర్జీ దద్దురు రెండు మూడు రోజులకు గానీ బయటపడకపోవచ్చు. అలా పలుచన చేసిన నూనెను మోచేతి మడతలో రూపాయి బిళ్లంత చోట, రోజుకు రెండుసార్లు, కనీసం వారం రాయండి. అదీ హామీ కాదు, నెలలు వాడాక అలర్జీ మొదలైనవాళ్లున్నారు. దురద వస్తే సీసా పారేయకుండా చర్మవైద్యులకు చూపించండి. ప్యాచ్ టెస్ట్‌లో (చర్మంపై పదార్థాలు అంటించి చూసే అలర్జీ పరీక్ష) లినలూల్ హైడ్రోపెరాక్సైడ్లు కూడా పెట్టమని అడగండి. తాజా లినలూల్‌తో చేస్తే అలర్జీ ఉన్నా పట్టుబడకపోవచ్చు.