బఫెలో నికెల్ గ్రేడింగ్: అచ్చు దిగకపోవడం వేరు, అరిగిపోవడం వేరు

1913 నుంచి 1938 దాకా అమెరికాలో వేసిన ఐదు సెంట్ల బిళ్ళ బఫెలో నికెల్. బొమ్మ వైపు అమెరికన్ ఆదివాసీ తల, బొరుసు వైపు అడవిదున్న. రూపకర్త జేమ్స్ ఎర్ల్ ఫ్రేజర్. బరువు 5 గ్రాములు, వ్యాసం 21.2 మిల్లీమీటర్లు. పేరుకే నికెల్, అందులో 75 శాతం రాగి, నికెల్ పాలు 25 శాతమే. డెన్వర్‌లో వేసిన బిళ్ళకి ‘డి’, శాన్‌ఫ్రాన్సిస్కోలో వేసినదానికి ‘ఎస్’ గుర్తు బొరుసు వైపు అడుగున, ఫైవ్ సెంట్స్ అన్న అక్షరాల కింద ఉంటుంది. ఫిలడెల్ఫియా బిళ్ళలకి గుర్తు ఉండదు.

అమెరికాలో ఉంటున్న మనవాళ్ళకి కాయిన్ షాపుల్లో సులువుగా చేతికందే పాత నాణెం ఇది. డబ్బు పోగొట్టుకోవడానికి కూడా అంతే సులువైనది. కారణం ఒక్కటే: స్ట్రైక్‌నీ గ్రేడ్‌నీ కలిపి చూడటం. డై (బొమ్మ చెక్కిన ఉక్కు అచ్చు) వచ్చి బిళ్ళ మీద పడినప్పుడు బొమ్మ ఎంత లోతుగా దిగిందో చెప్పేది స్ట్రైక్. బయటికొచ్చాక చేతులు మారి ఎంత అరిగిందో, ఎన్ని దెబ్బలు తిన్నదో చెప్పేది గ్రేడ్. ఒకటి పుట్టుక, రెండోది వయసు.

అపోహ: దున్న కొమ్ము పూర్తిగా కనిపించకపోతే ఆ నాణెం వీఎఫ్ (వెరీ ఫైన్) గ్రేడ్‌లోకి రాదు.

ఈ మాటకి మూలం గ్రేడింగ్ పట్టికలే. వీజీ-8కి (వెరీ గుడ్; అంకె పెరిగేకొద్దీ అరుగుదల తక్కువ) సగం కొమ్ము, ఎఫ్-12కి (ఫైన్) ముప్పావు కొమ్ము, వీఎఫ్-20కి దాదాపు మొత్తం కొమ్ము కనపడాలని వాటిలో ఉంటుంది. తప్పు కాదు. కానీ ఆ కొలత మొదట్లో కొమ్ము మొత్తం అచ్చు పడిన నాణేలకే పనికొస్తుంది. 1913 నాటి మొదటి రకానికి (దున్న మట్టిదిబ్బ మీద నిలబడినది), 1936–38 మధ్యవాటికి ఎక్కువగా సరిపోతుంది. 1926-డి దగ్గరికొస్తే పట్టిక చేతులెత్తేస్తుంది. ఆ ఏడాది డెన్వర్ బిళ్ళల్లో చాలావాటికి యంత్రం నుంచి బయటపడ్డ రోజునే కొమ్ము సగం లేదు. 1918-ఎస్, 1920-ఎస్, 1925-ఎస్ కూడా ఇదే బాపతు.

అలాంటి తేదీల్లో కొమ్మును పక్కనపెట్టి మిగతా చోట్లు చూడాలి. ఆదివాసీ చెంప ఎముక ఎంత చదునయింది, దున్న తుంటి మీద ఎంత పెద్ద నున్నటి మచ్చ ఉంది, అంచు గట్టు చుట్టూ తెగకుండా ఉందా, అక్షరాలు అంచులో కలిసిపోయాయా? అంచు నిండుగా ఉండి, అక్షరాలు విడిగా నిలబడి, తుంటి మీద కొద్దిపాటి అరుగుదల మాత్రమే ఉంటే, కొమ్ము సగమే కనిపించినా దాన్ని వీజీ అనడం నాణేనికి అన్యాయం.

దీనికి తిరగేసిన మోసం కూడా ఉంది. కొందరు అమ్మేవాళ్ళు నిజంగా అరిగిన బిళ్ళను చూపించి “ఈ తేదీకి అచ్చే బలహీనం సార్” అంటారు. ఆ తేదీ పై జాబితాలోదే అయినా సరే, చెంప, తుంటి, అంచు మూడూ అరిగి ఉంటే అది అరిగిన నాణెమే. అచ్చు బలహీనత అంచును తినేయదు.

అపోహ: చలామణిలోకి పోని నాణెం అంటే బొమ్మ ప్రతి గీతా స్పష్టంగా ఉండాలి.

ఎంఎస్ (మింట్ స్టేట్, అంటే చలామణిలోకి పోని) గ్రేడుకి కావాల్సింది అరుగుదల లేకపోవడం. స్పష్టత వేరే లెక్క. ఒక బిళ్ళ చేతిలోకి తీసుకుని జడ ముడి కట్టిన చోటికి కాస్త పైన, చెవి దగ్గరి జుట్టు చూడండి. ఈ నాణెంలో లోహం అన్నిటికంటే ఆఖరున చేరే చోట్లలో అదొకటి. బొరుసు వైపు దాని జోడీ దున్న భుజం, తల మీది బొచ్చు. రెండు వైపులా ఎత్తైన భాగాలు ఎదురెదురుగా పడటంతో, మధ్యలో ఉన్న లోహం రెండు డైల గుంతలనీ ఒకేసారి నింపలేకపోతుంది.

జుట్టు గీతలు లేని ఆ చదును అచ్చు లోపమా, అరుగుదలా అన్నది తేల్చేది మెరుపు. ట్యూబులైటు కింద ఇది తెలియదు. గది చీకటి చేసి, 75 వాట్ల పాతకాలపు గుండ్రటి బల్బుగానీ చిన్న హాలోజెన్ దీపంగానీ ఒక్కటే వెలిగించి, నాణేన్ని అంచులతో పట్టుకుని నెమ్మదిగా వంచుతూ తిప్పాలి. వెలుగు చక్రంలా తిరుగుతుంది. ఆ చక్రం చదునుగా ఉన్న జుట్టు మీదుగా కూడా ఆగకుండా దాటిపోతే అక్కడ ఎవరి వేలూ రుద్దలేదు, అచ్చే దిగలేదు. చక్రం ఆ చోటికి వచ్చి ఆగి, బూడిదరంగు మచ్చ కనిపిస్తే అరిగింది.

భూతద్దంతో ఇంకో సాక్ష్యం దొరుకుతుంది. అచ్చు దిగని చోట బిళ్ళ పాత చర్మం మిగిలే ఉంటుంది. యంత్రంలోకి పోకముందు ఖాళీ బిళ్ళలు ఒకదానితో ఒకటి కొట్టుకుని ఏర్పడిన సన్నని గాట్లు, గరుకు అక్కడ చెరిగిపోకుండా ఉంటాయి. డై ఒత్తిడి పడినచోట అవి అణిగిపోతాయి. అరిగిన చోటు మాత్రం నున్నగా, ఏ గాటూ లేకుండా ఉంటుంది. ఈ గరుకును చూసి “దెబ్బలు తిన్న నాణెం” అని పక్కన పడేసేవాళ్ళు చాలామంది.

అరుగుదల మొదట తగిలేది చెంప ఎముకకి, తుంటికి. కాబట్టి ఆ రెండూ మెరుస్తూ ఉండి, జుట్టు, దున్న భుజం మాత్రమే చదునుగా ఉంటే అనుమానం అచ్చు మీదికే పోవాలి.

అపోహ: బొమ్మ మసకగా ఉందంటే ఒత్తిడి చాలలేదన్నమాట.

ఇది సగం నిజం. రాగి-నికెల్ మిశ్రమం వెండి నాణేల లోహం కంటే గట్టిది, డైలను త్వరగా తినేస్తుంది. డైలు ఎక్కువకాలం మన్నాలని రెండు డైల మధ్య ఎడం కొద్దిగా పెంచేవాళ్ళు. ఎడం పెరిగితే దెబ్బ మెత్తబడుతుంది, మధ్యభాగం నిండదు. కాల్చి మెత్తబరచడం సరిగా జరగని ఖాళీ బిళ్ళ అయినా ఫలితం అదే.

రెండో కారణం వేరే జాతిది: డై అరిగిపోవడం. 1920లలో డెన్వర్, శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలల్లో డైలను అలసిపోయేదాకా వాడిన ఆనవాళ్ళు నాణేల మీదే కనిపిస్తాయి. అక్షరాల పాదాలు అంచు వైపు సాగినట్టుంటాయి, ఖాళీ తలం నారింజ తొక్కలా గరుకెక్కుతుంది, గీతల మొనలు గుండ్రబడతాయి. కొత్త డైతో మెత్తగా కొట్టిన నాణెంలో అయితే అంచు పక్కన అక్షరాలు కత్తిలా ఉండి, నడుమ మాత్రం ఖాళీగా ఉంటుంది. ధర వేసేటప్పుడు ఈ తేడా ముఖ్యం. నా లెక్కలో కొత్త డైతో మెత్తగా కొట్టినదే మేలు, చూపుకి శుభ్రంగా ఉంటుంది. 1926-డిలో రెండు జబ్బులూ ఒకే బిళ్ళ మీద కనిపించడం మామూలే.

మూడోది జిడ్డు. డై గుంతలో గ్రీజు, లోహపు పొడి నిండితే ఒకటి రెండు అక్షరాలు మాత్రమే మాయమై పక్కవి చక్కగా ఉంటాయి. దాన్ని బలహీనమైన స్ట్రైక్ అనరు.

అపోహ: తేదీ అరిగిపోయిన బిళ్ళకి ఆసిడ్ వేస్తే తేదీ వస్తుంది, విలువా వస్తుంది.

తేదీ వస్తుంది. ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే, అచ్చు ఒత్తిడికి గురైన లోహం మిగతాదానికంటే వేరేగా కరిగి అంకెలు బయటపడతాయి. విలువ మాత్రం రాదు. ఆ చోట గరుకు మచ్చ మిగులుతుంది, గ్రేడింగ్ సంస్థలు దాన్ని పాడైన నాణెం కిందే లెక్కిస్తాయి.

అసలు తేదీ ఎందుకు అంత త్వరగా పోతుందంటే, అది ఆదివాసీ భుజం మీద ఎత్తైన చోట ఉంది. 1913లో మొదటి రకంలో ఫైవ్ సెంట్స్ అక్షరాలు కూడా ఇలాగే దిబ్బ మీద ఎత్తుగా ఉండేవి. అవి అరిగిపోతాయని అదే ఏడాది చీఫ్ ఎన్‌గ్రేవర్ చార్లెస్ బార్బర్ దిబ్బను తగ్గించి అక్షరాలను కిందికి దించాడు. తేదీకి మాత్రం అలాంటి రక్షణ దొరకలేదు.

అపోహ: కడిగి మెరిపిస్తే గ్రేడ్ పెరుగుతుంది.

పెరగదు, పోతుంది. చక్రంలా తిరిగే మెరుపు డై ఒత్తిడికి లోహం పారినప్పుడు ఏర్పడిన సూక్ష్మమైన గీతల వల్ల వస్తుంది. చింతపండు, పళ్ళపొడి, బట్ట, ఏది రుద్దినా ఆ గీతలు తెగిపోతాయి. మెత్తటి ప్లాస్టిక్ కవర్ల నుంచి పట్టిన ఆకుపచ్చ జిగురు ఉంటే స్వచ్ఛమైన అసిటోన్‌లో, గాజుగిన్నెలో, గాలి ఆడే చోట, మంటకు దూరంగా ముంచి తీయొచ్చు. రుద్దకూడదు. అంతకుమించి ఏమీ చేయకండి.

అపోహ: 1937-డి మూడుకాళ్ళ దున్నను కాళ్ళు లెక్కపెట్టి గుర్తుపట్టొచ్చు.

కాలు గీకేసిన నకిలీలు దండిగా ఉన్నాయి. అసలుదాని కథ ఇది: రెండు డైలు ఒకదాన్నొకటి గుద్దుకుని పడ్డ గుర్తులను పోగొట్టడానికి డైని సానపడితే, దున్న ముందు కాలు ఒకటి డై మీదే చెరిగిపోయింది. గిట్ట మాత్రం మిగిలింది. కాబట్టి నిజమైన నాణెంలో కాలు లేనిచోట తలం సహజంగా, మెరుపుతో సహా ఉంటుంది. నకిలీలో అక్కడ గీకిన గీతలు, గుంత, చచ్చిన రంగు. అసలుదాంట్లో దున్న పొట్ట కింద నుంచి నేల దాకా ఉబ్బెత్తు చుక్కల వరస ఒకటి సన్నగా దిగుతుంది. వెనక కాలు చెదపురుగు తిన్నట్టు సన్నగా, గుంటలుగా ఉంటుంది. పది రెట్లు చూపించే లూపుతో ఈ మూడూ సరిచూడాలి. 1936-డిలో మూడున్నర కాళ్ళ రకం కూడా ఉంది, అది వేరే డై.

మింట్ గుర్తు అతికించిన నకిలీలకీ ఇదే లూపు. ‘ఎస్’ చుట్టూ జిగురు గీత, రంగు తేడా, కింద నీడలా ఖాళీ కనిపిస్తే ఆపేయండి. 1926-ఎస్ మొత్తం 9,70,000 మాత్రమే ముద్రించారు, ఈ వరసలో పది లక్షల లోపు సంఖ్య దానిదొక్కటే. కాబట్టి అతికించేవాళ్ళ కన్ను దాని మీద ఉంటుంది.

అపోహ: స్లాబ్ (గ్రేడ్ రాసి నాణేన్ని మూసిచ్చే ప్లాస్టిక్ పెట్టె) మీద ఎంఎస్-65 ఉందంటే అచ్చు కూడా అద్భుతమే.

పీసీజీఎస్, ఎన్జీసీ వంటి గ్రేడింగ్ సంస్థలు వేసే అంకెలో మెరుపు, దెబ్బలు, అచ్చు, మొత్తం చూపు అన్నీ కలిసి ఉంటాయి. బలహీనంగానే పుట్టే తేదీలకి కొంత సడలింపు దొరుకుతుంది. అందుకే రెండు 1926-డిలకి ఒకే అంకె ఉన్నా, ఒకదానికి జుట్టు గీతలుండి ఇంకోదానికి బోడిగా ఉండొచ్చు. స్లాబ్‌ను కాదు, నాణేన్ని చూసి కొనాలి. ఆన్‌లైన్ ఫొటో మీద ఆధారపడితే దున్న తల, జుట్టు రెండింటినీ దగ్గరగా తీసిన చిత్రాలు అడగండి. పంపనివాళ్ళ దగ్గర కొనకపోతే పోయేదేమీ లేదు.

తర్వాతి జెఫర్సన్ నికెల్‌కి అయితే అచ్చు బాగుంటే గ్రేడింగ్ సంస్థలు గ్రేడ్ పక్కన విడిగా ఒక మాట రాస్తాయి. దాని పేరు ఫుల్ స్టెప్స్. 1938లో ఫీలిక్స్ ష్లాగ్ గీసిన మాంటిసెల్లో భవనం మెట్లు ఆరు. పీసీజీఎస్‌కి కనీసం ఐదు తెగకుండా కనపడాలి, ఎన్జీసీ ఐదుకీ ఆరుకీ వేర్వేరుగా రాస్తుంది. మెట్లు మొదట కరిగిపోయేది మూడో స్తంభం కింద, అక్కడి నుంచే లెక్క మొదలుపెట్టండి. ఒక మెట్టు గీత నుంచి ఇంకో గీతకి అడ్డంగా గాటు పడితే లెక్కలోంచి పోయినట్టే. 1953-ఎస్‌లో ఫుల్ స్టెప్స్ దొరకడం బహు అరుదు, మెట్లు లేని మంచి ఎంఎస్ బిళ్ళలు మాత్రం మామూలుగానే దొరుకుతాయి. యుద్ధకాలపు నికెళ్ళు (1942–45) 56 శాతం రాగి, 35 శాతం వెండి, 9 శాతం మాంగనీసుతో చేసినవి. వాటి టంకశాల గుర్తు భవనం పైన పెద్దగా ఉంటుంది. మెట్ల లెక్క మాత్రం అదే.

మళ్ళీ దున్న దగ్గరికి. ఒక నాణెం చేతికి వచ్చినప్పుడు చూసే వరస ఇలా పెట్టుకోండి. ముందు లూపు లేకుండా ఒక్క దీపం కింద తిప్పి మెరుపు చూడండి. తర్వాత ఐదు నుంచి ఏడు రెట్ల భూతద్దంతో చెంప, తుంటి. ఆపైన అంచు, అక్షరాల పాదాలు. ఇక్కడికి అరిగిందా లేదా అన్నది తేలిపోతుంది. అప్పుడు జడ ముడి పైన జుట్టు, దున్న భుజం, తోక. తేదీ, గుర్తు చదివి ఆ తేదీ అచ్చు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. అందరూ మొదట చూసే కొమ్మును అన్నిటికంటే ఆఖరున చూడండి.