అంగారకుడి మీద పియానో

లైటు తీసేసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక పాత నాటకం విన్నాను. పేరు ‘మార్స్ ఈజ్ హెవెన్’. అమెరికాలో ఎన్‌బీసీ రేడియో 1950లో ‘డైమెన్షన్ ఎక్స్’ కార్యక్రమంలో ప్రసారం చేసింది. మూలకథ రే బ్రాడ్‌బరీది, 1948లో అచ్చయింది.

రాకెట్ అంగారకుడి మీద దిగుతుంది. చూస్తే పచ్చగడ్డి, పాతకాలపు ఇళ్లు, ఎక్కడి నుంచో పియానో. ఎప్పుడో చనిపోయిన సొంతవాళ్లు ఎదురొచ్చి పలకరిస్తారు. సిబ్బంది రాకెట్‌ని గాలికొదిలేసి తలో ఇంటికీ పోతారు. రాత్రి పడుకున్నాక కెప్టెన్‌కి అనుమానం మొదలవుతుంది: మన జ్ఞాపకాలు తవ్వి అంగారకవాసులు కట్టిన మయసభ కాదు కదా ఇది? మంచినీళ్ల కోసమని లేస్తాడు. నీకు దాహంగా లేదుగా, అంటాడు అదే గదిలో పడుకున్న సోదరుడు. ముగింపు చెప్పేశానని తిట్టుకోకండి, డెబ్బై అయిదేళ్ల నాటి నాటకం.

ఈ కథ చదవడం కంటే వినడమే బాగుంటుందని నాకనిపించింది. అమెరికా పల్లె నేనెప్పుడూ చూడలేదు. అయినా తలుపు చప్పుడు వినగానే అమ్మమ్మగారి వీధి తలుపు కళ్ల ముందుకొచ్చింది. కెప్టెన్‌కి అంగారకవాసులు ఏం చేశారో, నాటకం నాకూ అదే చేసింది. ఊరు కట్టడానికి సామాను నా దగ్గర్నుంచే తీసుకుంది. జ్ఞాపకాల్ని ఇలా బయటి నుంచి తట్టి లేపడం నిజంగానూ జరిగింది. దాదాపు ఆ రోజుల్లోనే కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే సర్జన్, మూర్ఛ రోగులకు మెలకువలో ఉండగానే ఆపరేషన్ చేస్తూ, మెదడులో కణతల వైపు భాగాన్ని సన్నని కరెంటుతో తాకి చూశాడు. కొందరికి ఎప్పటిదో పాట వినిపించింది, కొందరికి తెలిసినవాళ్ల గొంతు వినిపించింది.

నాటకంలో గాలి పీల్చుకోగలిగేలా ఉంటుంది.  అంగారకుడి గాలి అసలు ఎంత పల్చనో 1965లో మారినర్ 4 అనే అమెరికా వ్యోమనౌక దాని పక్కగా వెళ్లాకే తేలింది. భూమి మీది వాయుపీడనంలో నూరో వంతు కూడా లేదు. ఉన్నదాంట్లోనూ 95 శాతం కార్బన్ డయాక్సైడే.

మరి అక్కడ పియానో వాయిస్తే? 2021 ఫిబ్రవరిలో అక్కడ దిగిన నాసా చక్రాల బండి, పర్సెవరెన్స్ రోవర్‌కి మైకులున్నాయి కాబట్టి, దీనికిప్పుడు జవాబు చెప్పొచ్చు. అంత పల్చని గాలిలో శబ్దం మొదలే నీరసంగా పుడుతుంది. దానికి తోడు కార్బన్ డయాక్సైడ్ అణువులు కీచు స్వరాలను ఇట్టే మింగేస్తాయి. అయిదు మీటర్ల దూరంలో ఇద్దరు మాట్లాడుకోవడమే కష్టం. బొంగురు మోత మాత్రం కాస్త దూరం వస్తుంది. రోవర్‌తో పాటే వెళ్లిన ఇంజెన్యుయిటీ అనే చిన్న హెలికాప్టర్ రెక్కల 84 హెర్ట్జ్‌ల (అంటే సెకనుకు 84 కంపనాల) హోరు 80 మీటర్ల అవతల ఉన్న రోవర్ మైకులో పడింది.

ఇంకో తమాషా ఉంది. శబ్దానికి అక్కడ రెండు వేగాలు. సుమారు 240 హెర్ట్జ్‌లకు దిగువ స్వరాలు సెకనుకు 240 మీటర్లు పోతే, పై స్వరాలు 250 దాకా పోతాయి. మంద్ర స్వరంలో కంపనం నిదానం కాబట్టి, అణువులు కొంత శక్తిని తీసుకుని, ఊగి, తిరిగి ఇచ్చేంత వ్యవధి ఉంటుంది. పై స్వరాలకు అంత తీరిక ఉండదు, ఆగకుండా సాగిపోతాయి. పియానో నడిమధ్య ఉండే ‘సి’ స్వరం 261 హెర్ట్జ్‌లు; దానికి ఎడమ వైపు మంద్ర స్వరాలు, కుడి వైపు పై స్వరాలు. అంటే కుడిచేతి పాట ముందు, ఎడమచేతి పాట వెనక రావాలన్నమాట! అయితే వినిపించే అయిదు మీటర్లలో ఈ తేడా మిల్లీసెకను కూడా ఉండదు. పోల్చుకోవడం మన చెవి వల్ల కాదు.

కాబట్టి రాకెట్ దగ్గరికి ఆ పియానో వినిపించడమే ఇదంతా మోసమనడానికి సాక్ష్యం. కెప్టెన్ అక్కడే ఆగిపోవాల్సింది. పక్క మంచం మీంచి సోదరుడు అడిగిన మాట మాత్రం, అసలు అంగారకుడి మీదైనా వినిపించేదే.