కణితి పోయిన ఇన్నేళ్లకు

"చిన్నప్పుడు తలకు కరెంటు పెట్టించాం." కరెంటంటే ఇక్కడ కణితికిచ్చే రేడియేషన్ చికిత్స. విశాఖ కేజీహెచ్‌లోనో, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో ఈ ఒక్క మాట చెవిన పడితే డాక్టరు ఆలోచన మారిపోతుంది. కొత్త స్కాన్‌లో కనిపిస్తున్న గడ్డ పాతదే తిరగబెట్టిందా, లేక పాత చికిత్సే దాన్ని పుట్టించిందా?

ఈ అనుమానానికి నూరేళ్లు దాటాయి. రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్నది 1895లో. 1902 నాటికే ఆ కిరణాలతో పనిచేసే మనిషి చేతికి చర్మ క్యాన్సర్ వచ్చినట్టు నమోదైంది. 1948లో అమెరికా వైద్యుడు కాహన్ బృందం ఒక కొలబద్ద పెట్టింది: గడ్డ కిరణాలు పడిన చోటే రావాలి, మధ్యలో ఏళ్లు గడవాలి, మొదటి గడ్డకు భిన్నమైన రకం కావాలి. వైద్యులు నేటికీ దాన్నే ఆశ్రయిస్తారు.

మెదడు విషయంలో గట్టి సాక్ష్యం దొరికింది క్యాన్సర్ రోగుల్లో కాదు, తలలో తామర వచ్చిన పిల్లల్లో! ఇజ్రాయెల్‌లో 1948 తర్వాత వేలమంది వలస పిల్లలకు తామర పోగొట్టడానికి తలపై ఎక్స్‌రేలు పెట్టారు. మెదడుకు అందింది సగటున 1.5 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత). వారిలో దాదాపు 10,800 మందిని ఏళ్ల తరబడి గమనించి 1988లో ప్రకటించిన ఫలితం: మెదడు పొరల్లో పుట్టే మెనింజియోమా అనే కణితి ముప్పు తొమ్మిది రెట్లకు పైనే. మెదడు కణితికి ఇచ్చేది తరచూ 54 గ్రే.

అలాగని చికిత్సను తప్పుపట్టలేం. చిన్నమెదడులో పుట్టే క్యాన్సర్ మెడుల్లోబ్లాస్టోమా వచ్చిన పిల్లలు 1950ల్లో మెదడుకూ వెన్నుకూ రేడియేషన్ మొదలయ్యాకే చెప్పుకోదగ్గ సంఖ్యలో బతికారు. రెండో గడ్డ రావాలన్నా ముందు మనిషి మిగలాలి కదా. మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథి కణితికి రేడియేషన్ తీసుకున్న వారిపై 1992లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో ఇరవై ఏళ్లలో రెండో మెదడు కణితి వచ్చే అవకాశం 1.9 శాతమే. పసితనంలో తీసుకున్నవారికి ముప్పు ఇంకా ఎక్కువ. అందుకే మెడుల్లోబ్లాస్టోమాలో ప్రమాదం తక్కువగా ఉన్న పిల్లలకు కీమో జోడించి, మొత్తం మెదడుకిచ్చే మోతాదును 36 నుంచి 23.4 గ్రేకు దించారు.

చిక్కంతా కాలంతోనే. అమెరికా, కెనడాల్లో బాల్య క్యాన్సర్ నుంచి బయటపడిన 14 వేలమందిని పరిశీలిస్తే మెదడు కణజాలంలోనే పుట్టే గ్లియోమా సుమారు తొమ్మిదేళ్లకు, మెనింజియోమా పదిహేడేళ్లకు బయటపడ్డాయి. ఐదేళ్లు గడిస్తే గండం గడిచిందనుకుని పరీక్షలు మానేసే కుటుంబాలు మనలో తక్కువేమీ కాదు. పాడేరు నుంచో ఇచ్ఛాపురం నుంచో వచ్చినవారు స్కాన్ ఫిలిములు బీరువాలో భద్రంగా దాస్తారు. "54 గ్రే, 30 విడతలు" అని రాసిన కాగితమే దొరకదు. మెనింజియోమాను చాలా సందర్భాల్లో ఆపరేషన్‌తో తీసేయవచ్చు. మళ్లీ రేడియేషన్ ఇవ్వాల్సి వస్తే మాత్రం, ఎంత ఇవ్వవచ్చో తేల్చేది ఆ కాగితమే.