లారీలో వచ్చే ట్రౌట్: కాలిఫోర్నియా సరస్సుల వెనుక చరిత్ర

చలికాలం వచ్చిందంటే ఫ్రీమాంట్‌లోని క్వారీ లేక్స్, ప్లెజంటన్‌లోని షాడో క్లిఫ్స్ గట్ల మీద గాలాలతో జనం చేరతారు. తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన ఊళ్లివి. ఒకప్పుడు కంకర తవ్విన గుంతలే ఈ సరస్సులు. ఇక్కడ గాలానికి పడే రెయిన్‌బో ట్రౌట్ హ్యాచరీలో, అంటే గుడ్లు పొదిగించి చేపలను పెంచే కేంద్రంలో, పెరిగి ట్యాంకు లారీలో వచ్చిన చేప. నీటి వేడి 20 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది. గుడ్లు పెట్టాలంటే చల్లగా పారే నీరు, గులకరాళ్ల అడుగు కావాలి. అందుకే ఏటా కొత్త చేపలను వదలాల్సిందే. ఇంకా వదలమనేవారూ, అసలు వద్దనేవారూ ఉన్న ఈ వివాదం మూలాలు 1870లలో ఉన్నాయి.

ఆనకట్టలు, రంపపు మిల్లుల పొట్టు, అడవుల నరికివేత కలిసి అప్పటికే తూర్పు అమెరికా నదులను వట్టిపోయేలా చేశాయి. 1871లో ప్రభుత్వం స్పెన్సర్ బెయర్డ్ నాయకత్వంలో చేపల కమిషన్‌ను ఏర్పాటు చేసింది. మరుసటి ఏడాది ఆ కమిషన్ తరఫున లివింగ్‌స్టన్ స్టోన్ సాల్మన్ గుడ్ల కోసం ఉత్తర కాలిఫోర్నియాలోని మెక్‌క్లౌడ్ నదికి వెళ్లాడు. 1879లో అక్కడే ట్రౌట్ కొలనులు వెలిశాయి. ఆ గుడ్లు రైళ్లలో దేశమంతా పాకాయి. ఆ నది ఒడ్డు విన్నెమెమ్ వింటూ అనే ఆదివాసీ ప్రజల గడ్డ. గుడ్లు సేకరించిన ఆ కేంద్రంలో పనిచేసినవారిలో వారూ ఉన్నారు. 1945లో పూర్తయిన శాస్తా ఆనకట్ట వారి ఊళ్లను ముంచేసింది. ట్రౌట్ చరిత్ర చెప్పేటప్పుడు ఈ మాట దాటవేయడం అన్యాయం.

అసలు నష్టం జరిగింది ఎత్తైన కొండల్లో. సియెర్రా నెవాడాలో హిమానీనదాలు తొలిచిన సరస్సులు వేలల్లో ఉన్నాయి. కింద జలపాతాలు అడ్డుండటంతో వాటిలో చాలావాటికి చేప ఎన్నడూ ఎక్కలేదు. అక్కడికి ట్రౌట్‌ను పాల క్యాన్లలో నింపి కంచరగాడిదల మీద మోసుకెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత రాష్ట్ర ప్రభుత్వం విమానాల నుంచే చేపపిల్లలను జారవిడిచింది. ఆ నీళ్లలో పసుపు కాళ్ల కప్పలుండేవి. వాటి తోకకప్ప పూర్తి కప్పగా మారడానికి రెండు నుంచి నాలుగేళ్లు పడుతుంది. అన్ని చలికాలాలు గట్టెక్కాలంటే అడుగుదాకా గడ్డకట్టని లోతైన సరస్సు కావాలి. ట్రౌట్‌కు కావలసిందీ అలాంటి సరస్సే. చేప దిగిన చోట కప్పలు మిగలలేదు. తరువాత కైట్రిడ్ అనే బూజు తెగులు మిగిలినవాటి మీద పడింది.

సియెర్రాలోని యోసెమిటీ జాతీయ పార్కులో 1991లో చేపలు వదలడం ఆపారు. 2006లో చేపలు వదలడం విషయమై పర్యావరణ సంస్థలు రాష్ట్రంపై కోర్టుకెక్కాయి. 2010లో రాష్ట్రం పర్యావరణ ప్రభావ నివేదిక పూర్తి చేసింది. 2014లో ఆ పసుపు కాళ్ల సియెర్రా కప్ప అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాకెక్కింది. యోసెమిటీలో 20 ఏళ్ల లెక్కలపై 2016లో వెలువడిన అధ్యయనం మాత్రం ఊరటనిచ్చింది: కప్పలు సుమారు ఏడు రెట్లు పెరిగాయి. చేపలు వదలడం ఆపడం, కొన్ని సరస్సుల్లో వలలు వేసి ట్రౌట్‌ను తొలగించడం ఇందుకు తోడ్పడ్డాయి.

ఇంత తెలిసినా హ్యాచరీలు ఆగకపోవడానికి డబ్బు ఒక ముఖ్య కారణం. 1950 నాటి డింగెల్-జాన్సన్ చట్టం కింద గాలాల వంటి సామగ్రిపై వసూలయ్యే పన్ను రాష్ట్రాలకు చేరుతుంది. ఒక్కో రాష్ట్రం వాటా తేల్చేటప్పుడు లైసెన్సుదారుల సంఖ్య కూడా చూస్తారు. చేపలు పడితేనే లైసెన్సులు అమ్ముడవుతాయి. 2005లో కాలిఫోర్నియా లైసెన్సు రుసుములో మూడో వంతును హ్యాచరీలు, లోతట్టు జలాల చేపల నిధికి కేటాయించింది. 2020లో బాక్టీరియా వ్యాధి సోకి మూడు హ్యాచరీల్లో 32 లక్షల చేపలను చంపాల్సి వచ్చినా ఈ పద్ధతి మారలేదు.

ఊరి పక్క కంకర గుంతలో వదిలిన ట్రౌట్‌నూ, కొండ సరస్సులో వదిలిన ట్రౌట్‌నూ ఒకే గాటన కట్టడం సరికాదన్నది నా నమ్మకం. మొదటిది అక్కడ సంతానాన్ని పెంచుకోలేదు, పిల్లలకు గాలం వేయడం నేర్పడానికి పనికొస్తుంది. అది కొనసాగాలి. రెండోదాన్ని తీసేసే పనికి లైసెన్సు డబ్బులోంచే మరింత ఖర్చు పెట్టాలి, ఎందుకంటే దాన్ని అక్కడ వదిలినవారిలో రాష్ట్రమూ ఉంది.