పడేసిన సామాను బాగుచేసి ఇవ్వడం: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఇరవై రెండేళ్లుగా ఫ్రిజ్‌లు, మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తూ బతుకుతున్నాను. ఐదారేళ్లుగా ఆదివారం షాపు పని పక్కనపెట్టి, నేనూ నా దగ్గర పని నేర్చుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లూ కలిసి అపార్ట్‌మెంట్ల వాళ్లు పడేసే సామాను తెచ్చి, బాగుచేసి, చుట్టుపక్కల బస్తీల్లో ఇబ్బందుల్లో ఉన్న ఇళ్లకు ఇస్తున్నాం. ఇచ్చేవాళ్లకూ, మాతో చేరదామని వచ్చేవాళ్లకూ కొన్ని నమ్మకాలున్నాయి. ఒక్కొక్కళ్లకీ చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఇక్కడ రాస్తున్నా.

అపోహ: పడేశారంటే అది పోయినట్టే.

ఎక్కువ వాటికి వచ్చిన జబ్బు చిన్నదే. సీలింగ్ ఫ్యాన్ చేత్తో తోస్తే గానీ తిరగట్లేదంటే ముందు కండెన్సర్ చూడండి, 2.5 మైక్రోఫారడ్‌ది, టీ, సమోసా ఖర్చుతో అయిపోతుంది. మోత వస్తే బేరింగులు. గ్రైండర్‌కి బెల్టు. ఇక మిక్సీ సంగతి చెబితే నవ్వొస్తుంది. పప్పు ఎక్కువేసి రుబ్బితే మోటారు వేడెక్కి అడుగున ఉండే ఓవర్‌లోడ్ బటన్ బయటికొస్తుంది, చల్లారాక దాన్ని లోపలికి నొక్కితే మళ్లీ తిరుగుతుంది. అలాంటి బటన్ ఒకటుందని తెలియక మిక్సీనే మార్చేసిన ఇళ్లు ఎన్ని చూశానో! మిగతావాటికి కప్లర్ (జారుని మోటారుకి కలిపే పళ్ల చక్రం), మోటారు కార్బన్లు. ఇవన్నీ ట్రూప్ బజార్‌లో దొరుకుతాయి, దొరకనివాటికి ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో పాత మిషన్ కొని అందులోంచి పీకుతాం.

చేతులెత్తేసేది ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డుల దగ్గరే. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో కంపెనీల రిపేరు వివరాలు ఒకచోట దొరికేలా రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, మంచిదే. కానీ జిగురు పోసి సీల్ చేసిన బోర్డు నా ముందుకొచ్చినప్పుడు పోర్టల్ ఏం చేస్తుంది చెప్పండి.

అపోహ: షాపులో తిరిగిందంటే ఇచ్చేయొచ్చు.

మా కుర్రాళ్లకు ఇది వదిలించడానికి ఏడాది పట్టింది. షాపులో టెస్ట్ చేసే సిరీస్ బోర్డు మీద పెట్టగానే తిరిగితే "అన్నా, అయిపోయింది" అని పక్కన పెట్టేసేవాళ్లు. ఒక గది అద్దె ఇళ్లలో గోడకు మూడు కన్నాల సాకెట్ ఉంటుంది, విప్పి చూస్తే ఎర్త్ కోసం ఉండే పై కన్నానికి వైరే ఉండదు. ఎర్త్ లేని ఆ ఇంట్లో బాడీకి కరెంటు పాస్ అయ్యే ఫ్రిజ్ పెట్టి వచ్చామనుకోండి, తడి చేత్తో తలుపు తీసేది ఏ చిన్నపిల్లో. అందుకని ప్రతిదానికీ బాడీకి కరెంటు పాస్ అవుతోందేమో చూసే 500 వోల్టుల మెగ్గర్ మీటర్ పెడతాం, రెండు మెగోమ్‌ల కంటే తక్కువ చూపిస్తే ఎంత చక్కగా తిరిగినా గడప దాటదు. వాన నీళ్లలో మునిగిన సామాను ఎండలో పెట్టాం కదా అని ప్లగ్గు పెట్టేయొద్దు, మోటారు వైండింగ్ చుట్టల మధ్య ఉండిపోయిన తేమ పైకి కనబడదు. నీళ్లు కాచే హీటర్ రాడ్డు మాత్రం ఎవరిచ్చినా తీసుకోం, ఎవరికీ ఇవ్వం.

అపోహ: ఊరికే ఇస్తున్నాం కదా, కరెంటు బిల్లు వాళ్లు చూసుకుంటారు.

ఈ తప్పు నేనే చేశాను. ఒక ఫ్లాట్ వాళ్లు ఇచ్చిన డబుల్ డోర్ ఫ్రిజ్‌కి రిలే, థర్మోస్టాట్ మార్చి, ట్రాలీ ఆటోలో వేసుకెళ్లి, ఇరుకు మెట్ల మీద ముగ్గురం మోసి, నాలుగిళ్లలో పనిచేసుకునే ఒకమ్మ ఇంట్లో పెట్టి గర్వంగా వచ్చాను. నెలన్నర తర్వాత ఆ దారినే వెళ్తూ పలకరిద్దామని ఎక్కాను. ఫ్రిజ్ ప్లగ్గు తీసేసి ఉంది. తలుపు తీస్తే పై అరలో పిల్లల నోటు పుస్తకాలు, కూరగాయల ట్రేలో మడతపెట్టిన స్కూల్ డ్రెస్సులు, గుడ్లు పెట్టుకునే గుంటల్లో గాజులు.

"ఇదివరకు బిల్లు సున్నా వచ్చేదన్నా. ఇది పెట్టిన నెల పదకొండు వందలు దాటింది. నీకు చెప్తే బాధపడతావని చెప్పలే" అంది.

తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు, అది దాటితే పైన వాడిన పదో ఇరవయ్యో కాదు, మొత్తం యూనిట్లకూ కట్టాలి. ఆ ఇంట్లో అంతకుముందు నెలకు 130 దాకా కాలేవి. నేనిచ్చిన ఫ్రిజ్‌కి డోర్ రబ్బరు వదులు, రోజుకు మూడు యూనిట్లు తాగేది. 130కి 90 కలిపితే 220. వాళ్లకు నేను ఫ్రిజ్ ఇవ్వలేదు, బిల్లు ఇచ్చాను.

దాన్ని వెనక్కి తెచ్చి, రోజుకు ఒక యూనిట్ లోపు తీసుకునే సింగిల్ డోర్‌ది పెట్టాం. అప్పటినుంచి ఏ ఫ్రిజ్ అయినా ఒక రోజంతా మీటర్ మీద నడిచాకే బయటికెళ్తుంది, యూనిట్లెన్నో కాగితం మీద రాసి తలుపుకి అంటిస్తాం. రబ్బరు చూడ్డానికి మీటర్ కూడా అక్కర్లేదు, పది రూపాయల నోటు తలుపు సందులో పెట్టి మూసి లాగండి, జారుకుంటూ వచ్చేసిందంటే చల్లదనం కూడా అలాగే జారిపోతోందన్నమాట. పాత 75 వాట్ల ఫ్యాన్ రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 34 యూనిట్లు. 30 వాట్ల బీఎల్‌డీసీ (కార్బన్లు లేని, కరెంటు తక్కువ తాగే మోటారు) ఫ్యాన్ అయితే పద్నాలుగు లోపే. కొన్నిళ్లలో ఫ్రిజ్ కంటే ముందు ఫ్యాన్ మార్చేది ఇందుకే.

అపోహ: ఫ్రిజ్‌కి రెండు మూడేళ్లకోసారి గ్యాస్ కొట్టించాలి.

గ్యాస్ అనేది బండిలో పెట్రోల్ కాదు, వాడినకొద్దీ అయిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకుంది, అది మూయకుండా ఎన్నిసార్లు కొట్టించినా డబ్బులు దండగ. కొత్త ఫ్రిజ్‌లలో ఉండే ఆర్600ఏ మండే గ్యాస్. గాలి ఆడేచోట దాన్ని పూర్తిగా బయటికి వదలకుండా పైపు దగ్గరికి అతుకులు వేసే మంట టార్చ్ తీసుకెళ్లే మెకానిక్‌ని అక్కడే ఆపండి.

అపోహ: వాళ్లకిస్తే నాలుగు రోజుల్లో పాడుచేస్తారు.

ఇడ్లీ బండి నడిపే ఒకమ్మకు నాలుగేళ్ల కింద ఇచ్చిన గ్రైండర్ ఇప్పటికీ రోజూ తిరుగుతోంది, బెల్టు ఒక్కటే మార్చాం. అది మాకిచ్చినవాళ్లు కిచెన్ రంగుకి సరిపోలేదని పడేశారు.

అపోహ: ఏదిచ్చినా పనికొస్తుంది.

ఫుల్లీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్‌కి కుళాయిలో ప్రెషర్ ఉండాలి. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తే డ్రమ్ముల్లో పట్టుకునే ఇంట్లో బకెట్‌తో పోసుకునే సెమీ ఆటోమేటిక్ దానికంటే ఎన్నో రెట్లు నయం. డబ్బా టీవీలు వద్దు, పిక్చర్ ట్యూబు గాజులో సీసం ఉంటుంది, ప్లగ్గు పీకేసినా ట్యూబులో చార్జి ఉంటుంది. అవి నేరుగా లైసెన్సున్న ఈ-వేస్ట్ వాళ్లకు ఇవ్వండి. మైక్రోవేవ్‌ల జోలికి మా కుర్రాళ్లను పోనివ్వను, లోపలి కెపాసిటర్‌లో వేల వోల్టులు.

ఇంకో మాట. మిక్సీ ఇచ్చేటప్పుడు దాని జార్లు, మూతలు కూడా వెతికి ఇవ్వండి. జార్లు లేని మిక్సీలు ప్రస్తుతం మా అటక మీద పదకొండు ఉన్నాయి, అన్నీ తిరుగుతాయి.