వెనక నిలబడేవాడి ఆట: హాకీ డిఫెండర్‌పై అపోహలు – వాస్తవాలు

నల్గొండలో పిల్లలకు హాకీ నేర్పుతున్నాను. ఒకప్పుడు నేనూ డిఫెండర్‌నే, జిల్లా జట్టుతోనే నా ఆట ఆగింది. పిల్లవాణ్ణి మైదానానికి తీసుకొచ్చే తండ్రుల్లో చాలామంది అనేది ఒకటే: "సార్, మావాణ్ణి ముందు ఆడించండి." వెనక ఆడటమంటే శిక్ష అని వాళ్ల లెక్క.

అపోహ: పరుగు రానివాణ్ణే వెనక నిలబెడతారు.

1990ల చివర్లో హాకీలో ఆఫ్‌సైడ్ నిబంధన ఎత్తేశారు. అప్పటి నుంచి ఫార్వర్డ్ (ముందు ఆడేవాడు) నేరుగా గోల్ పక్కనే కాచుకుని ఉండవచ్చు. వాడి మీద ఒక కన్ను, బంతి మీద ఒక కన్ను వేసి ఉంచాల్సింది డిఫెండరే. పైగా ఫార్వర్డ్‌లను మాటిమాటికీ బయటికి పిలిచి ఊపిరి తీసుకోనిస్తారు. వెనకవాడికి ఆ వెసులుబాటు తక్కువ.

అసలు కష్టం కాళ్లలో కంటే ఓపికలో ఉంది. మన జిల్లాలో కబడ్డీ తెలియనివారు ఉండరు కాబట్టి ఆ లెక్కలోనే చెబుతాను. రైడర్ కాలు చాచగానే తొందరపడి మీదపడేవాడు అవుటై బయట కూర్చుంటాడు. ఇక్కడా అంతే. ఎదుటివాడు బంతితో వస్తుంటే ముందు వెనక్కి తగ్గాలి. నడుము వంచి, కర్రను నేలకు ఆనించి, వాణ్ణి మెల్లగా మన కుడి పక్కకు తోలాలి. అటు మనకు ఫోర్‌హ్యాండ్ (కర్ర సహజంగా ఆడే పక్క), వాడికి రివర్స్ (కర్ర తిప్పి ఆడాల్సిన పక్క). బంతి వాడి కర్ర నుంచి జానెడు దూరం జరిగే క్షణం ఒకటి వస్తుంది. అప్పుడే కర్ర వెయ్యాలి. ఆ క్షణం దాకా చెయ్యి ఆపుకోవడం నేర్పడానికి నాకు ఏళ్లు పడుతుంది.

అపోహ: డిఫెండర్‌కు పేరు రాదు.

2024 పారిస్ ఒలింపిక్స్ పురుషుల హాకీలో అత్యధికంగా 10 గోల్స్ కొట్టిన హర్మన్‌ప్రీత్ సింగ్ డిఫెండర్, అప్పటి మన కెప్టెన్ కూడా. టోక్యో ఒలింపిక్స్ మహిళల క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాను ఇంటికి పంపిన ఏకైక గోల్ గుర్జీత్ కౌర్‌ది. ఆమెదీ డిఫెన్సే. దిలీప్ తిర్కీ దేశం తరఫున 400కు పైగా మ్యాచ్‌లు ఆడాడు. అయితే పేరు తెచ్చేది గోల్సే, ఆపిన బంతుల లెక్క ఎవరూ రాయరు. ఆ అక్కసు నాకు ఇంకా పోలేదు.

అపోహ: పెనాల్టీ కార్నర్‌కు ఎదురు పరుగెత్తడానికి మొండి ధైర్యం చాలు.

పెనాల్టీ కార్నర్ అంటే మన గోల్ దగ్గర తప్పు జరిగినందుకు ఎదుటి జట్టుకు ఇచ్చే గోల్ అవకాశం. దాన్ని గోల్‌కీపర్ కాక నలుగురే ఆపాలి. ముఖానికి మాస్కు, మోకాళ్లకు ప్యాడ్లు కట్టుకుని గోల్ గీత వెనక నిలబడతారు. బంతి కదలగానే మొదటి రషర్ (అందరికంటే ముందు ఎదురు పరుగెత్తేవాడు) 'డీ' (గోల్ ముందు వంపు గీత లోపలి చోటు) అంచు వైపు, అంటే 15 మీటర్లకు కాస్త తక్కువ దూరంలో ఉన్న డ్రాగ్ ఫ్లికర్ (బంతిని కర్రతో ఈడ్చి గోల్‌లోకి విసిరేవాడు) మీదికి దూసుకెళ్తాడు. గుడ్డిగా కాదు. గోల్‌లో ఒక పక్కను తాను మూస్తాడు, రెండో పక్కను కీపర్‌కు వదులుతాడు. అది ముందే మాట్లాడుకున్న ఒప్పందం. రషర్ అడుగు తప్పితే కీపర్ లెక్క కూడా తప్పుతుంది.

పారిస్ క్వార్టర్ ఫైనల్లో మన మొదటి రషర్ అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు పడింది. 10 మందితోనే బ్రిటన్‌ను షూటౌట్ దాకా లాగి గెలిచారు. నిషేధం వల్ల సెమీఫైనల్లో అతను లేడు, జర్మనీ 3-2తో గెలిచింది. వాళ్ల మొదటి గోల్ పెనాల్టీ కార్నర్ మీదే వచ్చింది. అతను ఉంటే గెలిచేవాళ్లమని చెప్పలేను గానీ, ఆ గోల్ చూసినప్పుడు నా చూపు ఖాళీగా ఉన్న అతని చోటు మీదికే పోయింది.

అపోహ: టర్ఫ్ (కృత్రిమ పచ్చిక మైదానం) లేని జిల్లాలో హాకీ దండగ.

సగం నిజం. మట్టి మీద బంతి ఎగురుతుంది కాబట్టి పిల్లలు కర్ర పైకెత్తడం అలవాటు చేసుకుంటారు, తడి టర్ఫ్ మీద అదే కొంప ముంచుతుంది. పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చేసరికి వాళ్లను గచ్చిబౌలి లాంటి టర్ఫ్ ఉన్న చోటికి తిప్పాల్సిందే. బస్సు ఛార్జీలు భారమే, కాదనను.

అపోహ: ఎడమచేతి వాటం పిల్లలు పనికిరారు.

ఎడమచేతి కర్ర అనేదే హాకీలో లేదు, అందరికీ ఒకటే. ఆ కర్ర పైభాగాన్ని పట్టుకుని తిప్పేది ఎడమ చెయ్యే.